డల్లాస్ కౌబాయ్స్ మైకా పార్సన్స్‌ని ఎందుకు వదులుకుంది? ఆట లేని నెలల్లో జరిగే మార్పుల్లో ఏది పట్టించుకోవాలి?

మీరు అడిగింది ఇది: డల్లాస్‌కి కొత్తగా వచ్చారు, ఆఫీసులో అందరూ కౌబాయ్స్ గురించే మాట్లాడుతుంటే మీరూ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలు) చూడటం మొదలుపెట్టారు. 2025లో ఆట మొదలవకముందే హెడ్ కోచ్ మారాడు, పేరున్న ఆటగాళ్లు వెళ్లిపోయారు, చివరికి జట్టులోకెల్లా గొప్ప ఆటగాడినే వేరే జట్టుకి ఇచ్చేశారు. ఇన్ని వార్తల్లో ఏది అసలైనదో ఎలా తెలుసుకోవాలని మీ సందేహం.

నేను ఫ్రిస్కోలో ఉంటాను. కౌబాయ్స్ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం ఉన్న ద స్టార్ మా ఇంటికి దగ్గరే. చాలా ఏళ్లుగా ఈ జట్టుని ఆట ఉన్న నెలల్లో ఎంత చూస్తానో, లేని నెలల్లోనూ అంతే శ్రద్ధగా చూస్తాను. నాకు అర్థమైంది ఒక్కటే. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్నదానికంటే ఆ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నారన్నది చూడాలి. కౌబాయ్స్ కష్టాల్లో సగం ఆలస్యం వల్ల వచ్చినవే.

పార్సన్స్ సంగతే చూడండి. 2021 డ్రాఫ్ట్‌లో (జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం, ఒక్కో వంతుని పిక్ అంటారు) 12వ పిక్‌గా పెన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు. మొదటి నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు చేశాడు. ప్రత్యర్థి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, దాన్ని విసరకముందే అతన్ని పడగొట్టడాన్ని శాక్ అంటారు. మొదటి రౌండ్‌లో తీసుకున్న ఆటగాడికి నాలుగేళ్ల ఒప్పందం ఉంటుంది, ఐదో ఏడాది ఉంచుకునే హక్కు జట్టు చేతిలో ఉంటుంది. మూడు సీజన్లు ఆడాక కొత్త ఒప్పందం రాసుకోవచ్చు. అంటే పార్సన్స్‌కి 2024 మొదట్లోనే రాయొచ్చు. అప్పటికి డిఫెన్స్ (బంతి ఎదుటి జట్టు చేతిలో ఉన్నప్పుడు ఆడే) ఆటగాళ్లలో అందరికంటే ఎక్కువ తీసుకుంటున్నది శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడు నిక్ బోసా. ఏడాదికి సగటున 3.4 కోట్ల డాలర్లు.

అప్పుడు రాయలేదు. ఆ ఏడాది రిసీవర్ (విసిరిన బంతిని పట్టుకునే ఆటగాడు) సీడీ లాంబ్, క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ ఒప్పందాలు ముందున్నాయి. వాటినీ చివరిదాకా లాగారు. లాంబ్ ట్రైనింగ్ క్యాంప్‌కే రాలేదు, ఆగస్టు 26న 13.6 కోట్ల డాలర్లకు నాలుగేళ్లు రాసుకున్నాక వచ్చాడు. ప్రెస్కాట్‌ది ఇంకా ఘోరం. సెప్టెంబర్ 8న, క్లీవ్‌లాండ్‌లో సీజన్ మొదటి ఆట ఆడబోయే రోజున, నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్లు. పార్సన్స్ వంతు తర్వాతి ఏడాదికి జరిగింది.

ఆ ఏడాదిలో బజారు ధర మారిపోయింది. 2025 మార్చిలో మ్యాక్స్ క్రాస్బీకి ఏడాదికి 3.55 కోట్లు, కొద్ది రోజులకే మైల్స్ గారెట్‌కి 4 కోట్లు, జులైలో టి.జె. వాట్‌కి 4.1 కోట్లు. ముగ్గురూ పార్సన్స్ చేసే పనే చేసేవాళ్లు. ముగ్గురిలో చిన్నవాడి కంటే కూడా పార్సన్స్ చిన్నవాడు. ఇక అతను తక్కువకు ఎందుకు ఒప్పుకుంటాడు?

డబ్బు ఒక్కటే అయితే కూర్చుని తేల్చుకునేవాళ్లు. యజమాని జెర్రీ జోన్స్ మార్చిలో ఏజెంట్‌ని పక్కనబెట్టి నేరుగా పార్సన్స్‌తో మాట్లాడాడు. ఆ మాటల్లోనే ఒప్పందం కుదిరిందని జోన్స్ వాదన. ఏజెంట్ లేకుండా నాలుగు గోడల మధ్య బేరం తనకు వద్దని పార్సన్స్ వాదన. ఆగస్టు 1న తనను ట్రేడ్ చేయమని, అంటే వేరే జట్టుకి ఇచ్చేయమని, బహిరంగంగా అడిగాడు. ఆగస్టు 28న గ్రీన్ బే ప్యాకర్స్‌కి పంపేశారు. బదులుగా 2026, 2027 మొదటి రౌండ్ పిక్‌లు, డిఫెన్స్ వరస మధ్యలో ఆడే డిఫెన్సివ్ ట్యాకిల్ కెనీ క్లార్క్ వచ్చారు. గ్రీన్ బే అతనికి నాలుగేళ్లకు 18.8 కోట్ల డాలర్లు రాసింది, అందులో 12 కోట్లు సంతకంతోనే గ్యారంటీ. సగటు ఏడాదికి 4.7 కోట్లు. 2024లో 3.4 కోట్ల దగ్గర మొదలవ్వాల్సిన బేరం ఇది.

అది వినాయక చవితి వారం. మా కాలనీలో పెట్టిన వినాయకుడి దగ్గర సాయంత్రం హారతి అవ్వగానే మగవాళ్లందరం ఫోన్లు తీసి ఇదే మాట్లాడుకున్నాం. పార్సన్స్ 11 నంబర్ జెర్సీ వేసుకున్న పిల్లలు ముగ్గురో నలుగురో ఉన్నారక్కడ. వాళ్లలో ఒకడు వాళ్ల నాన్నని "మళ్లీ కొనుక్కోవచ్చు కదా" అని అడుగుతూనే ఉన్నాడు. ఐపీఎల్ వేలం అలవాటైన మనకి ఆ ప్రశ్న సహజమే. ఇక్కడ వేలం లేదు. ఒకసారి చేయి దాటాక అంతే.

కోచ్ విషయంలోనూ ఇదే వరస. మైక్ మెకార్తీ 2020 నుంచి హెడ్ కోచ్. 2021, 2022, 2023 మూడు సీజన్లూ 12-5తో (12 గెలుపులు, 5 ఓటములు) ముగించాడు, కానీ ప్లేఆఫ్స్‌లో ముందుకు పోలేదు. 2024 జనవరిలో సొంత మైదానంలో ప్యాకర్స్ చేతిలో 48-32తో ఓడినప్పుడే మార్చి ఉండాల్సింది, లేదా కొత్త ఒప్పందం ఇచ్చి ఉండాల్సింది. రెండూ చేయకుండా ఒప్పందం చివరి ఏడాదిలోకి దింపారు. 2024 నవంబర్‌లో ప్రెస్కాట్ తొడ కండరం చిరిగి సీజన్‌కే దూరమయ్యాడు, జట్టు 7-10తో ముగిసింది. సీజన్ అయ్యాక షికాగో బేర్స్ మెకార్తీతో మాట్లాడతామంటే కౌబాయ్స్ ఒప్పుకోలేదు. వారం రోజులు తామే మాట్లాడి, 2025 జనవరి 13న విడిపోయారు. అప్పటికే పేరున్న కోచ్ మైక్ వ్రేబెల్‌ని న్యూ ఇంగ్లాండ్ తీసేసుకుంది. వారం తర్వాత ఇంకో కోచ్ బెన్ జాన్సన్ షికాగోకి వెళ్లాడు. జనవరి 24న కౌబాయ్స్ తమ దగ్గరే ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (బంతి తమ చేతిలో ఉన్నప్పటి ఆట చూసుకునే కోచ్‌గా) ఉన్న బ్రయన్ షాటెన్‌హైమర్‌ని హెడ్ కోచ్‌ చేశారు. వ్రేబెల్ జట్టు ఆ సీజన్ చివర లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లింది.

అయినా షాటెన్‌హైమర్ ఎంపికని తీసిపారేయను. తండ్రి మార్టీ షాటెన్‌హైమర్ రెగ్యులర్ సీజన్‌లో 200 ఆటలు గెలిచిన కోచ్. కొడుకు అంతకుముందు ఎక్కడా హెడ్ కోచ్ కాలేదు, కానీ ప్రెస్కాట్‌తో రెండేళ్లు పనిచేశాడు, ఆటగాళ్లకు అతనంటే నమ్మకం. క్వార్టర్‌బ్యాక్‌కి అలవాటైన పద్ధతి చెడలేదు. 2025లో ప్రెస్కాట్ 4,500 గజాలు దాటి పాస్ చేశాడు. బంతి మన చేతిలో ఉన్నప్పుడు జట్టు బాగానే ఆడింది.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. మీలాంటి కొత్త ప్రేక్షకులకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: ఆఫెన్సివ్ లైన్‌ని, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అతన్ని కాపాడే ఐదుగురిని, చూడటం నేర్చుకోండి. టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఆ ఐదుగురూ కనబడరు. మా అక్క కొడుకు హైస్కూల్ జట్టులో గార్డ్, అంటే ఆ ఐదుగురిలో ఒకడు. ద స్టార్‌లో ఉన్న ఫోర్డ్ సెంటర్‌లోనే ఫ్రిస్కో హైస్కూళ్ల ఆటలు జరుగుతాయి. పన్నెండు వేలమంది పట్టే హాలు, కింద వరసలో కూర్చుంటే ప్యాడ్లు కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది. వాడిని చూడ్డానికి వెళ్లి వెళ్లి నా కళ్లు బంతి మీద నుంచి గార్డ్ పాదాల మీదికి మళ్లాయి. ఎదుటివాడు మీద పడేలోపు గార్డ్ మొదటి అడుగు నేల మీద ఆనాలి. చేతులు ఎదుటివాడి ఛాతీ దగ్గర, భుజాల లోపలే పడాలి, బయట పడితే జారిపోతాడు లేదా పెనాల్టీ పడుతుంది. నడుము వంగకూడదు, మోకాళ్లు వంగాలి. గార్డ్ రెండడుగులు వెనక్కి తగ్గాడంటే క్వార్టర్‌బ్యాక్‌కి ముందుకు జరిగే చోటే ఉండదు. ఒక సీజన్ మధ్యలో మావాడిని కోచ్ ఎడమవైపు నుంచి కుడివైపుకి మార్చాడు. అంతే, పాదాలు, చేతులు అన్నీ తిరగబడ్డాయి. ముందుండే కాలు వెనక్కి, వెనకుండే కాలు ముందుకి. సాయంత్రాలు గ్యారేజీ ముందు ఆ ఒక్క అడుగే వేస్తూ ఉండేవాడు.

అందుకే 2025లో నేను అందరికంటే ఎక్కువగా గమనించింది కుడి గార్డ్ స్థానాన్ని. అక్కడ జాక్ మార్టిన్ 2014 నుంచి ఆడాడు. తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి (స్టార్ ఆటగాళ్ల ఆట), ఏడుసార్లు ఫస్ట్ టీమ్ ఆల్ ప్రోకి (ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాళ్ల జాబితా) ఎంపికయ్యాడు. ఈ తరంలో అంతటి గార్డ్ ఇంకొకడు లేడు. 2025 సీజన్‌కి ముందు రిటైరయ్యాడు. డ్రాఫ్ట్‌లో 12వ పిక్ వచ్చినప్పుడు చాలామంది రిసీవర్‌ కావాలన్నారు, కౌబాయ్స్ మాత్రం అలబామా గార్డ్ టైలర్ బుకర్‌ని తీసుకున్నారు. అక్కడ ఎడమవైపు ఆడినవాడిని ఇక్కడ కుడివైపు నిలబెట్టారు. ఆ మార్పు ఎంత కష్టమో చూశాను కనుక, మొదటి ఏడాదిలోనే అతను నిలదొక్కుకోవడం నాకు చాలా సంతోషమనిపించింది. ఏడాదికి సుమారు 30 లక్షల డాలర్లకే వచ్చిన జవాంటే విలియమ్స్ వెయ్యి గజాలు దాటి పరిగెత్తాడంటే అందులో ఈ లైన్ వాటా పెద్దది.

రిసీవర్‌ని డ్రాఫ్ట్ అయిపోయాక, మే నెలలో తెచ్చుకున్నారు. పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్. ముఖ్యంగా ఇచ్చింది 2026 మూడో రౌండ్ పిక్. అతను 1,400 గజాలు దాటాడు. ఆ ఏడాది చేసిన పనుల్లో ఇంత చవగ్గా ఇంత లాభం ఇచ్చింది మరొకటి లేదు.

డిఫెన్స్ గురించి చెప్పాలంటే బాధగానే ఉంటుంది. డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (డిఫెన్స్ చూసుకునే కోచ్‌గా) ఉన్న డాన్ క్విన్ 2024 మొదట్లో వాషింగ్టన్ హెడ్ కోచ్‌గా వెళ్లాడు. మైక్ జిమ్మర్ ఒక్క ఏడాది చేశాడు. 2025లో మ్యాట్ ఎబర్‌ఫ్లూస్ వచ్చాడు. మూడు సీజన్లు, ముగ్గురు కోఆర్డినేటర్లు, మూడు పద్ధతులు. దీనివల్ల నష్టపోయింది ఎవరో తెలియాలంటే మాజీ స్మిత్‌ని చూడండి. 2023లో మొదటి రౌండ్‌లో తీసుకున్న భారీ డిఫెన్సివ్ ట్యాకిల్. క్విన్ దగ్గర బరువు తగ్గాడు, జిమ్మర్ వచ్చాక మళ్లీ పెరగాల్సి వచ్చింది, ఎబర్‌ఫ్లూస్ దగ్గర చోటే దొరకలేదు. చివరికి 2025 నవంబర్‌లో న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చినప్పుడు, 2027 మొదటి రౌండ్, 2026 రెండో రౌండ్ పిక్‌లతో పాటు ఇతన్నీ ఇచ్చేశారు. ఆ కుర్రాడికి ఒకే పద్ధతిలో మూడేళ్లు నేర్పి ఉంటే ఏమయ్యేవాడో ఎప్పటికీ తెలియదు. ఇలాంటి వార్తలు పెద్ద అక్షరాల్లో రావు, కానీ కోచ్‌ మారాడని విన్నప్పుడల్లా ముందు కోచ్ కోసం తెచ్చిన ఆటగాళ్లు ఎవరని వెతకండి.

డిఫెన్స్ ఆటగాడు డెమార్కస్ లారెన్స్ పదకొండు సీజన్లు ఇక్కడ ఆడి 2025 మార్చిలో సియాటిల్ వెళ్లాడు. డల్లాస్‌లో ఉంటే సూపర్ బౌల్ గెలవనని తనకు తెలుసన్నాడు. అభిమానులకు కోపం వచ్చింది. 2026 ఫిబ్రవరిలో సియాటిల్‌తో గెలిచాడు కూడా. కౌబాయ్స్ చివరిసారి గెలిచింది 1995 సీజన్‌లో. పార్సన్స్ కూడా లేని డిఫెన్స్ 2025లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు ఇచ్చుకుంది. సెప్టెంబర్ 28న పార్సన్స్ ప్యాకర్స్ జెర్సీలో కౌబాయ్స్ మైదానం ఉన్న ఆర్లింగ్టన్‌కి వచ్చిన ఆట 40-40తో సమంగా ముగిసింది. నలభై పాయింట్లు చేసి కూడా గెలవలేకపోయారు. సీజన్ 7-9-1. జనవరిలో ఎబర్‌ఫ్లూస్‌నీ తీసేశారు.

"సాలరీ క్యాప్ ఉంది కదా, అందరికీ ఇవ్వలేరు కదా" అని మీ ఆఫీసులో ఎవరో ఒకరు అంటారు. 2025లో క్యాప్, అంటే జీతాల మీద పరిమితి, ఒక్కో జట్టుకి 27.92 కోట్ల డాలర్లు, నిజమే. కానీ అది ప్రతి ఏటా పెరుగుతోంది. అంతకుముందు ఏడాది 25.54 కోట్లే. పైగా జీతాన్ని సైనింగ్ బోనస్‌గా మార్చి, ఆ లెక్కని ఐదేళ్ల దాకా పరవవచ్చు. 2025 మార్చిలో ప్రెస్కాట్, లాంబ్ ఒప్పందాలతో కౌబాయ్స్ చేసింది అదే. కాబట్టి ముందుగా రాసుకున్న ఒప్పందం రెండేళ్లు తిరిగేసరికి చవకగా కనిపిస్తుంది, ఆగి రాసుకున్నది మొదటి రోజే భారం.

ఈ సంగతి వాళ్లకు తెలియదని కాదు. పార్సన్స్ వెళ్లిన కొద్ది రోజులకే ఎడమ గార్డ్ టైలర్ స్మిత్‌కి నాలుగేళ్లకు 9.6 కోట్ల డాలర్లు రాశారు, అతని పాత ఒప్పందంలో ఇంకా రెండు సీజన్లు మిగిలుండగానే. కార్నర్‌బ్యాక్ డరాన్ బ్లాండ్‌కీ సీజన్‌కి ముందే ఇచ్చారు. సరైన పని, సరైన సమయంలో.

మీరు చేయాల్సింది చిన్న పనే. ఓవర్ ద క్యాప్ గానీ స్పాట్రాక్ గానీ, ఈ రెండిట్లో ఒక వెబ్‌సైట్ తెరిచి కౌబాయ్స్ జాబితాలో ఒప్పందం ఏ ఏడాదితో ముగుస్తుందో ఉన్న గడి చూడండి. మూడు సీజన్లు పూర్తిచేసి, బాగా ఆడుతూ, ఇంకా కొత్త ఒప్పందం లేని పేర్లు రాసుకోండి. మార్చిలో వాళ్లకు సంతకాలు అయ్యాయా, లేక జులై చివర కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో క్యాంప్ మొదలయ్యేదాకా సాగుతున్నాయా గమనించండి. కోచ్‌ల విషయంలో డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌ని కనీసం రెండేళ్లు ఉంచుతారా అన్నది చూడండి. జట్టుని 53 మందికి కుదించే ఆగస్టు చివరి వారం నాటికి టీవీలో చెప్పేవాళ్లకంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.