మాత్రలకు తగ్గి మళ్లీ వచ్చే పంటి చీము

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారికి యాభై ఏళ్లు, షుగర్ ఉంది. కింది దవడ పన్ను ఒకటి పిప్పి పట్టి, ఏడాదిగా రెండు మూడు నెలలకోసారి దవడ వాచిపోతోంది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది. ఇప్పుడు నొప్పి లేదు గాని, చిగురు మీద చిన్న పొక్కు లేచి, నొక్కితే చీము వస్తోంది. పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని ఇంట్లో పెద్దవాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, రాజోలు ప్రాంతం

జవాబు: అమ్మా, నొప్పి లేదని మీరు ఊరట పడకూడదు. ఆ పొక్కు లోపలి చీము బయటపడటానికి చేసుకున్న దారి. ఒత్తిడి తగ్గింది కనుక నొప్పి తెలియడం లేదే తప్ప జబ్బు నయం కాలేదు. పిప్పి లోతుకు దిగి పంటి నడుమ ఉన్న నరమూ రక్తనాళాలూ చచ్చిపోయాక ఆ ఖాళీలో సూక్ష్మజీవులు స్థిరపడతాయి. మాత్ర రక్తం ద్వారానే చేరాలి గనుక, రక్తప్రసరణే లేని ఆ చోటికి అందదు. చుట్టూ ఉన్న వాపును తగ్గిస్తుంది, అంతే. ఊట కట్టకుండా గుంటలో నీళ్లు తోడినట్టు, కొన్నాళ్లకు వేరు కొస దగ్గర చీము మళ్లీ చేరుతుంది. అందుచేత షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవడం ఇక మానండి.

వాపు లేని ఈ రోజుల్లోనే దంతవైద్యునికి చూపించండి. పొక్కు రంధ్రంలోకి గుట్టాపెర్కా అనే మెత్తని సన్నపుల్లను పంపి ఎక్స్‌రే తీస్తే, చీము ఏ పంటి వేరు నుంచి వస్తోందో తెలుస్తుంది. పన్ను నిలబెట్టదగినదైతే రూట్ కెనాల్ (వేర్ల లోపలి సన్నని కాలువలను శుభ్రం చేసి నింపే చికిత్స) చేసి, పైన క్యాప్ వేస్తారు. కింది దవడ పంటికి సాధారణంగా రెండు వేర్లు, వాటిలో మూడు కాలువలు, ఒక్కోసారి నాలుగు ఉంటాయి. ఒక్కటి శుభ్రపడకుండా మిగిలినా చీము తిరగబెట్టవచ్చు కనుక, ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వెళ్లి పూర్తి చేయించుకోవాలి. చికిత్స సరిగా జరిగితే ఆ పొక్కు కొద్ది వారాల్లో దానంతట అదే మానిపోతుంది. భీమవరంలోనూ రాజానగరంలోనూ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి; అక్కడ కూడా చూపించవచ్చు.

పన్ను బాగా విరిగిపోయినా, వేరు నిలువునా చీలినా పీకించడమే మేలు. చూపునిచ్చే నరం వేరు, పంటికి వచ్చే నరం వేరు. మీ పెద్దల భయానికి ఆధారం లేదు. షుగర్ ఉన్నవారికి ఆ జబ్బు వల్ల చూపు తగ్గవచ్చు కాబట్టి, ఏడాదికోసారి కంటి పరీక్ష మాత్రం తప్పక చేయించండి. చీము ఉన్నంతకాలం షుగర్ అదుపులోకి రావడం కష్టం, షుగర్ ఎక్కువగా ఉంటే పుండు మానడం ఆలస్యం; అందుకే వాడుతున్న మందుల చీటీని, ఇటీవలి రక్తపరీక్షను దంతవైద్యునికి ముందే చూపించండి.

ఈలోగా గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించవచ్చు. బుగ్గకు వేడి కాపు పెట్టవద్దు, పొక్కును సూదితో పొడవవద్దు. వాపు గడ్డం కిందికి, మెడకు పాకినా, నోరు తెరవడం, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, జ్వరంతో వణుకు వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, అమలాపురం గాని కాకినాడ గాని పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి.