బండి కొనబోతున్న మా పాపకు

చి.ల.సౌ. పాపకు మామ ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. బెంగళూరు ఉద్యోగం మానేసి ఊళ్లో బండి కొంటావట, చుట్టుపక్కల చేన్ల టమాటా నువ్వే లోడు ఎత్తుకుని మదనపల్లె మార్కెట్ యార్డుకు తోలుతావట. చెప్పేటప్పుడు అక్క గొంతులో ఏడుపూ ఉంది, గొప్పా ఉంది. నాకూ అంతే. మన ఇంటి ఆడపిల్ల స్టీరింగ్ పట్టి సంపాదిస్తానంటే వద్దనేవాణ్ణి కాదు నేను. కానీ డీజిల్ బండే తీసుకుంటానని పట్టుబట్టావట, అడ్వాన్సు కట్టడానికి రేపో మాపో పోతావట. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఎందుకు డీజిల్ అని అడిగితే "లీటరు తక్కువ, మైలేజీ ఎక్కువ" అన్నావట. ఆ రెండు మాటలే 2012లో మీ నాయన కూడా అన్నాడు. ఫోన్లో చెబితే సరే సరే అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

చిన్న విషయాలు ముందు అయిపోనీ. నీ కారు లైసెన్సు చాలు. 7,500 కిలోల గ్రాస్ వెయిట్ (బండీ లోడూ కలిపిన బరువు) లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ, అంటే కారు లాంటి తేలికపాటి బళ్ల లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. గ్రాస్ వెయిట్ 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు. ఎఫ్‌సీ, అదే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మాత్రం ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఇన్సూరెన్స్ ఒక్క రోజు కూడా తెగనివ్వొద్దు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మీ ఊరి నుంచి యార్డుకు పోయి రావడానికి అరవై కిలోమీటర్లు. లోడుతో పెట్రోలు బండి లీటరుకు 14, డీజిల్ బండి 18 ఇస్తుందనుకుందాం. పెట్రోలు 108, డీజిల్ 96 అని వేసుకో. పెట్రోలు బండికి రోజుకు 463 రూపాయలు, డీజిల్‌కు 320. తేడా 143. నెలకు పాతిక రోజులు తిప్పితే సుమారు 3,600. షోరూంలో రెండు బళ్లకీ లక్ష తేడా చెప్పారని అక్క అంది. ఆ లక్ష తిరిగి రావడానికి 28 నెలలు పడుతుంది, అదీ వడ్డీ కలపకుండా. నువ్వు ఏడాది పొడుగునా తిప్పుతావా? మన దగ్గర టమాటా జోరు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా. మిగతా నెలల్లో వారానికి రెండు మూడు ట్రిప్పులు దొరికితే గొప్ప. అప్పుడు అది నాలుగేళ్లూ ఐదేళ్లూ అవుతుంది. రోజుకు నూట ఇరవై కిలోమీటర్లు తిరిగే బండయితే పద్నాలుగు నెలల్లోనే తేలిపోయేది, అప్పుడు నేనే డీజిల్ అనేవాణ్ణి. కంపెనీలో పేజీలకు పేజీలు లెక్కలు వేసిన పిల్లవి, సొంత అప్పు దగ్గరికి వచ్చేసరికి బంకు బోర్డు చూసి తేల్చేస్తావా? ఒక నోటుపుస్తకం తీసుకో. నెల రోజులు ఎవరిదైనా బాడుగ బండి పెట్టుకుని తిప్పు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని బాక్సులు, ఎన్ని రోజులు ఖాళీ, అన్నీ రాయి. ఏ బండి కొనాలో ఆ పుస్తకం చూసి మాట్లాడుకుందాం.

డీజిల్ అంటే లాగుడు ఎక్కువ అని కూడా అన్నావట. పెద్ద బళ్లలో అది నిజమే. బొలేరో పికప్‌లో రెండున్నర లీటర్ల ఇంజన్, టార్క్, అంటే లాగే బలం, 200 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది. టన్నుకు పైగా వేసుకుని గట్టు ఎక్కుతుంటే ఇంజన్ తక్కువ చుట్లలోనే పని చేసుకుపోతుంది, గేరు మార్చాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. కానీ నువ్వు చూస్తున్నది ముప్పావు టన్ను బండి. ఆ సైజులో కథ తిరగబడుతుంది. టాటా ఏస్ గోల్డ్ చూడు. పెట్రోలుది 694 సీసీ, 30 హెచ్‌పీ. డీజిల్‌ది 702 సీసీ, మామూలు మోడల్‌లో 20 హెచ్‌పీ. అంటే చిన్న బండిలో పెట్రోలే చురుకు. పెట్రోలు ఇంజన్‌కు ఒక గుణం ఉంది: చుట్లు పెంచితేనే లాగుతుంది. లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ముందుగానే గేరు దించాలి, కాలు గట్టిగా పెట్టాలి, అప్పుడు ఎక్కువ తాగుతుంది కూడా. లోడు పెరిగేకొద్దీ పెట్రోలు మైలేజీ ఎంత పడిపోతుందో డీజిల్‌ది అంత పడదు. ఇది దాచి చెప్పను.

ఇంకొకటి, ఇది మీ నాయన కాలంలో లేదు. 2020 ఏప్రిల్ నుంచి పొగ మీద బీఎస్ 6 అనే కొత్త నిబంధనలు వచ్చాక డీజిల్ బళ్లలో చాలావాటికి సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ పెడుతున్నారు. పొగలోని మసిని అది పట్టుకుంటుంది. పట్టుకున్న మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి కాసేపు ఆగకుండా పరుగెత్తాలి. నీ పని ఏమిటి? ఒక చేను గట్టు దగ్గర ఆపి పది బాక్సులు ఎత్తుకోవడం, ఇంకో చేను దగ్గరికి పోవడం, ఇంజన్ ఆన్‌లోనే పెట్టుకుని కూలోళ్ల కోసం చూడటం. అట్లా తిప్పితే మసి కాలదు, ఫిల్టర్ పూడుతుంది, డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, ఒక రోజు బండి కాలు తొక్కినా కదలనంటుంది. మా షెడ్డుకు వచ్చే బళ్లలో ఈ గొడవ ఊళ్లో తిరిగే పాల బళ్లకీ కొరియర్ బళ్లకీ ఎక్కువ, హైవే బళ్లకు తక్కువ. నువ్వు చూసే మోడల్‌కు డీపీఎఫ్ ఉందా, పొగ శుభ్రం కావడానికి యూరియా ద్రావణం పోయాలా అని షోరూంలో సూటిగా అడుగు. పెట్రోలు బండికి ఈ తలనొప్పి లేదు. సర్వీసు ఖర్చూ తక్కువ.

పాపా, ఇక మీ నాయన సంగతి. ఆయన నీకు చెప్పి ఉండడు. లారీ గుద్దిందనే నీకు తెలుసు.

2012లో డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది. ఆ మే నెలలో పెట్రోలు ఒక్కసారే ఏడున్నర రూపాయలు పెరిగింది. పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య లీటరుకు ముప్పై రూపాయల తేడా. ఊరంతా డీజిల్, డీజిల్ అన్నారు. బావ ఆ తేడా మీదే కంతులు లెక్కేసుకుని చిన్న డీజిల్ బండి తీసుకున్నాడు. ఆ తేడా ఎప్పటికీ అట్లాగే ఉంటుందనుకున్నాడు. 2013 జనవరి నుంచి డీజిల్ మీద నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుకుంటూ పోయారు. 2014 అక్టోబరులో ధర పూర్తిగా కంపెనీలకే వదిలేశారు. తేడా కరిగి ఇప్పుడు పది పన్నెండు రూపాయలకు వచ్చింది. అర్ధ రూపాయి పెద్ద మొత్తం కాదు. కానీ టమాటా రేటు పడిపోయి బాడుగలు తగ్గినప్పుడు, నెలనెలా కంతు గుమ్మంలో నిలబడినప్పుడు, మనిషి ఆ అర్ధ రూపాయి కోసమే వెతుకుతాడు. బావ దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. దిగుడు వచ్చిందంటే న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపేసేవాడు. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం సగమే తిప్పేవాడు. డ్రైవర్లు ఒకరికొకరు ఈ ఉపాయం గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

ఆ రోజు తెల్లారుజామున తిరుపతికి లోడు. భాకరాపేట ఘాట్ దిగుతున్నాడు. బ్రేకు పెడలు మన కాలి బలంతోనే పని చేయదు, బూస్టర్ అనే డబ్బాలోని వాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) సాయం చేస్తుంది. ఆ వాక్యూమ్ ఇంజన్ తిరుగుతుంటేనే పుడుతుంది, పెట్రోలయినా డీజిలయినా. ఇంజన్ ఆపాక రెండు మూడు తొక్కుళ్లకు సరిపడా మిగిలి ఉంటుంది. మొదటి మలుపులో తొక్కాడు, పట్టింది. రెండోసారి కాస్త తక్కువగా పట్టింది. ఆ తర్వాత పెడలు కాలి కింద రాయి అయిపోయింది. గేరు వేయబోతే ఆ వేగానికి పళ్లు గరగరలాడాయే గానీ గేరు పడలేదు. ఒక పక్క లోయ. ఆయన చేసిన ఒకే ఒక్క మంచి పని స్టీరింగ్ కొండ వైపుకు కోసేయడం. బండి కాలవలో పడి బోర్లా తిరిగింది. నేను పోయేసరికి ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, తొడ ఎముక విరిగింది. ఆ కాలే ఇప్పటికీ ఈడుస్తున్నాడు. బండిని తుక్కు కింద అమ్మాం. అక్క గాజులు కుదువ పెట్టి, లేని బండికి కంతులు కట్టాం. నువ్వప్పుడు బడికి పోతున్నావు. నీకు చెప్పొద్దని ఆయనే బతిమాలాడు. ఇన్నేళ్లు ఆ మాట నిలబెట్టాను. నువ్వు స్టీరింగ్ పట్టుకుంటానన్న రోజున ఇక దాచను.

ఇంకా బాధ ఏమిటంటే, ఆ ఉపాయంతో ఆయన మిగుల్చుకున్నది ఏమీ లేదు. బండిని గేర్లోనే ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి దిగితే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. అప్పుడు ఇంజన్‌లోకి డీజిల్ పోవడం ఆగిపోతుంది. ఇప్పటి పెట్రోలు బళ్లలోనూ అంతే. న్యూట్రల్లో ఇంజన్ నడుస్తూ దిగితేనే, ఊరికే తిరగడానికి కాస్త తాగుతుంది. అంటే ఇంజన్ ఆపి దిగినా గేర్లో దిగినా ఆ దిగుడులో డీజిల్ ఖర్చు లేదు, కానీ గేరయితే బండిని పట్టి ఉంచుతుంది కూడా. ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగు. దిగుడు మొదలయ్యాక కాదు, మొదలవ్వక ముందే గేరు దించు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న బస్సు లోయలో పడింది ఆ ఘాట్లోనే. నువ్వు ఏ బండి కొన్నా సరే, ఈ ఒక్క పేరా మాత్రం నా కోసం రెండుసార్లు చదువు తల్లీ.

ఓవర్‌లోడు కూడా ఈ లెక్కలోదే. ఆర్సీలో రాసిన బరువు దాటితే 2019 సవరణ చట్టం ప్రకారం 20,000 జరిమానా, ఆపైన టన్నుకు 2,000. జరిమానా కంటే నాకు బ్రేకులే భయం. పాతిక ముప్పై కిలోల బాక్సులు "ఇంకో పది వేసుకో అక్కా" అని రైతు అంటాడు, తెలిసినవాడే అయి ఉంటాడు, మొహమాటపడతావు. వద్దని చెప్పడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.

నా మాట అడిగితే, మొదటి బండి చిన్న పెట్రోలుదే తీసుకో. కొత్తదే. 2023 ఏప్రిల్ తర్వాత తయారైనవి ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునేలా వస్తున్నాయి. అంతకు ముందువి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికినా రబ్బరు పైపులు చూడకుండా కొనొద్దు. సీజన్ లేనప్పుడు వారాల తరబడి ఊరికే నిలబెట్టకు, ఇథనాల్ తేమను లాగుతుంది. సీఎన్‌జీ అయితే బంకు నీ దారిలోనే ఉంటేనే. క్యూలో నిలబడితే ఎండకు టమాటా మెత్తబడుతుంది. చెన్నై కోయంబేడు మార్కెట్‌కు లోడు వేయాలన్న ఆశ కూడా నీకు ఉందని తెలుసు. దానికి ఈ సైజు బండి, పెట్రోలయినా డీజిలయినా, పనికిరాదు. మొదటి రెండు సీజన్లు చెన్నై లోడు బాడుగ బండికి ఇచ్చెయ్. వారానికి మూడు ట్రిప్పులు ఖాయంగా దొరుకుతున్నాయని నీ నోటుపుస్తకం చెప్పిన రోజున పెద్ద డీజిల్ పికప్ చూద్దాం, నేనే దగ్గరుండి ఇప్పిస్తా.

ఇంత చెప్పినా డీజిలే అంటావా, నీ బండి, నీ ఇష్టం, నేను అలగను. అప్పుడు ఫిల్టర్ సంగతి నేర్చుకో. డీజిల్ ఫిల్టర్ అడుగున చిన్న కుళాయి మర ఉంటుంది. తెల్లారి, బండి స్టార్ట్ చేయకముందే దాన్ని వదులు చేసి గాజు గ్లాసులోకి కాస్త పట్టు. ఒక నిమిషం కదపకుండా పెట్టు. నీళ్లుంటే అడుగున తెల్లగా విడిగా నిలబడతాయి, డీజిల్ పసుపుగా పైన తేలుతుంది, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. నీళ్లు పోయి ఉత్త డీజిల్ వచ్చేదాకా వదిలి మర బిగించు. ఆ నీళ్లు పంపులోకీ ఇంజెక్టర్లలోకీ పోతే నీ రెండు నెలల సంపాదన పోయినట్టే. ట్యాంకు ఎప్పుడూ ఖాళీ చేయకు, లైన్లో గాలి పడితే పంపు కొట్టి గాలి తీసేదాకా బండి కదలదు. బంకులో నువ్వే దిగి నిలబడి, డీజిల్ అని నోటితో చెప్పి, ఏ గన్ను పెడుతున్నాడో చూడు.

వచ్చే ఆదివారం నేను కదిరి నుంచి పొద్దున బస్సుకు వస్తున్నా. షోరూం వాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టు, ఖాళీ బండిలో ఊరి చుట్టూ తిప్పితే సరిపోదని. లోడు వేసి హార్స్లీ హిల్స్ రోడ్డు ఎక్కించి దించాలి, రెండు బళ్లూ. స్టీరింగ్ నువ్వే పట్టాలి, నేను పక్కన కూర్చుంటా. మీ నాయన్ని కూడా మనతో రమ్మను, రానంటే నేను వచ్చి మాట్లాడతా. అంతదాకా అడ్వాన్సు కట్టకు.

ఇట్లు,
మీ మామ