ఎదకు రాని కవల పెయ్య

ప్రశ్న: మా జెర్సీ క్రాస్ ఆవు కవలల్ని ఈనింది, ఒకటి కోడె, ఒకటి పెయ్య. పెయ్యకు రెండేళ్లు దాటినా ఎదకు రాలేదు. పైగా కోడెలా తోటి ఆవుల మీదికెక్కుతోంది, కుమ్ముతోంది. మొక్కజొన్న చేలోని గడ్డి మేపాం. టానిక్కులు కూడా పట్టిస్తున్నాం. కలుపు మందు వల్లేనా డాక్టరుగారూ?
– ఒక పాడి రైతు, తెనాలి

జవాబు: కాదమ్మా. ముందు ఆ టానిక్కులు ఆపేయండి, డబ్బు దండగ. దీన్ని ఫ్రీమార్టిన్ అంటారు. కడుపులో ఇద్దరి మావి రక్తనాళాలు కలిసిపోతాయి. కోడెదూడ వృషణాలు ముందే తయారై, వాటి హార్మోన్లు చెల్లెలి రక్తంలోకి చేరతాయి. దాంతో అండాశయాలు ఎదగవు, బుద్ధులూ కొంత మగవైపు మళ్లుతాయి. ఇలాంటి జంటల్లో నూటికి తొంభైకి పైగా పెయ్యలు గొడ్డువే. షికాగోలో ఫ్రాంక్ లిల్లీ అనే శాస్త్రవేత్త 1916లోనే హార్మోన్లే కారణమన్నాడు.

అయితే మీ అనుమానం ఊరికే పుట్టింది కాదు. మొక్కజొన్నలో కొట్టే అట్రాజిన్ అనే కలుపు మందు కలిపిన నీళ్లలో అమెరికా శాస్త్రవేత్త టైరోన్ హేస్ బృందం పుట్టినప్పటి నుంచీ మగ కప్పల్ని పెంచింది. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం పదింట ఒకటి ఆడకప్పగా మారి గుడ్లు పెట్టింది. మిగతావి ఆడకప్పల కోసం పోటీలో వెనకబడ్డాయి. దీని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయనుకోండి. కానీ మీ పెయ్య సంగతికి దాని అన్న చాలు.

పశువైద్యుడితో యోని లోతు చూపించండి. మామూలు దాంట్లో మూడోవంతే ఉంటే ఇక సూదులు వేయించకండి.