గాలి ట్యాంకులకు అతుకులు వేస్తున్నాడు, వెల్డింగ్ మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ వెల్డర్ చదివి ఏడాదిగా చీమకుర్తి దగ్గర ఒక వెల్డింగ్ షెడ్డులో చేస్తున్నాడు. క్వారీల కంప్రెసర్లు, పంక్చర్ షాపుల పాత గాలి ట్యాంకులు లీకైతే అక్కడికే తెస్తారు. అవి పేలతాయని ఈమధ్య ఎవరో చెప్పారు. ఓనరు మా బంధువే, ఎదురు చెప్పొద్దని వాడికి చెప్పాను. వెల్డింగ్ మాన్పించి ఎన్‌డీటీ (వస్తువును పాడుచేయకుండా లోపాలు పరీక్షించే పని) కోర్సులో చేర్పిస్తే గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అది మంచిదా, పాలిటెక్నిక్ మంచిదా?
- ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా మీ టెన్షన్ అంతా ఆ ట్యాంకు చుట్టూనే ఉంది. ముందు దాని సంగతే చెబుతాను. మీ భయం న్యాయమైనదే.

గాలిని ఒత్తి నింపినప్పుడు అందులోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. రోజూ డ్రెయిన్ తిప్పి ఆ నీళ్లు వదిలేయాలి. ఎంతమంది వదులుతున్నారో మీకూ తెలుసు. ఏళ్ల తరబడి నిలిచిన ఆ నీళ్లు రేకును లోపలి నుంచి తినేస్తాయి, పైన పెయింటు మాత్రం బాగానే కనిపిస్తుంది. చివరికి ఒకచోట సూది మొనంత చిల్లు పడుతుంది. ఓనరు కంటికి అది పూడ్చాల్సిన చిల్లు. కానీ రేకు అక్కడిదాకా తినేసిందంటే చుట్టుపక్కలా పల్చబడి ఉంటుంది. ఆ పల్చటి రేకు మీద రాడ్డు పెడితే కాలి చిల్లు ఇంకా పెద్దదవుతుంది. ఎలాగో పూడ్చినా, వెల్డు గట్టిగా నిలబడి దాని పక్కన రేకు చీలుతుంది.

చీలితే ఏమవుతుందో అర్థం కావాలంటే ఈ లెక్క చూడండి. 40 సెంటీమీటర్ల వ్యాసమున్న ట్యాంకులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 8 కిలోలుంటే, దాని మూత మీద పనిచేసే బలం దాదాపు 10 టన్నులు. లీకు ఆగిందో లేదో చూడ్డానికి చాలా షెడ్లలో గాలే నింపి, సబ్బు నీళ్లు పూసి, ముఖం దగ్గరగా పెట్టి బుడగలు వెతుకుతారు. ఆ పనిలో అన్నిటికన్నా ప్రమాదమైన క్షణం అదే. నీళ్లు ఒత్తిడికి పెద్దగా కుదించుకోవు కాబట్టి, నీళ్లతో పరీక్షించేటప్పుడు ట్యాంకు చీలినా ఒత్తిడి వెంటనే పడిపోతుంది. గాలి అలా కాదు, కుదించి పెట్టిందంతా ఒక్క దెబ్బన విరుచుకుపడుతుంది. పైగా కంప్రెసర్ ఆయిల్ ట్యాంకు లోపల పేరుకుని ఉంటే వెల్డింగ్ వేడికి ఆవిరై అంటుకోవచ్చు.

ఇలాంటి ట్యాంకును బాగు చేసే పద్ధతి లేదని కాదు. అల్ట్రాసోనిక్ గేజ్‌తో రేకు మందం అంతటా కొలవాలి, పాడైన భాగం కోసేయాలి, అది ఏ ఉక్కో తెలియాలి, రాసిపెట్టిన పద్ధతిలో అర్హత ఉన్న వెల్డర్ అతకాలి, పనిచేసే ఒత్తిడికి మించి నీళ్లతో పరీక్షించాలి, దానికి బాధ్యత తీసుకుని ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టాలి. పంక్చర్ షాపు ట్యాంకుకు ఇదంతా ఎవరూ చేయించరు. అందుకే తుప్పు పట్టి లీకైన ట్యాంకుకు చిల్లులు కొట్టి, మళ్లీ ఎవరూ వాడకుండా తుక్కుకు వేయడమే సరైన పని.

ఇక్కడ మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఓనరు బంధువు కాబట్టి ఎదురు చెప్పొద్దన్నారు. ఆ మాటతో మీ అబ్బాయి నోరు మీరే కట్టేశారు. ఇలాంటి ప్రశ్న నాకు కొత్త కాదు. పనిలో ప్రాణాపాయం ఉందని తెలిసినా పెద్దవాళ్లు యజమానితో ఒక్క మాట అనరు, పిల్లవాడిని మాత్రం ఇంకో కోర్సులోకి తప్పించాలని చూస్తారు. రేపు ఎన్‌డీటీలో చేరినా అక్కడా పైవాడు ‘పర్లేదు, పాసని రాసెయ్’ అంటాడు. ‘ఇది నేను చేయను’ అనడం ఇంట్లోనే నేర్పకపోతే ఆ రోజు ఏం చేస్తాడు?

ఇక ఎన్‌డీటీ. విద్య మంచిదే, వెల్డు లోపల ఏముందో పట్టుకునే పని. నా అనుమానమంతా కొద్ది వారాల్లో లెవెల్ 2 (సొంతంగా పరీక్షించి ఫలితం తేల్చే స్థాయి) సర్టిఫికెట్ చేతికిచ్చి ‘గ్యారంటీ’ అనే సంస్థల మీదే. చాలాచోట్ల పాటించే అమెరికన్ పద్ధతి ప్రకారం లెవెల్ 2కు తరగతులతో పాటు ఆ పనిలో గడిపిన అనుభవ గంటలు ఉండాలి, సర్టిఫై చేసే బాధ్యత కూడా ఉద్యోగమిచ్చే కంపెనీదే. అనుభవం లేని కాగితాన్ని కొత్త కంపెనీ పక్కన పెట్టేయగలదు. అప్పు చేసి ఫీజు కట్టి, సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని మళ్లీ అదే షెడ్డుకు వెళ్లిన పిల్లలను చూశాను. వాళ్లలో తెలివితక్కువవాళ్లు ఎవరూ లేరు, తొందరపెట్టిన తండ్రులే ఉన్నారు. చేర్పించే ముందు ఒక్కటి అడగండి: అనుభవ గంటలు ఎక్కడ, ఎవరి కింద చేయిస్తారు? సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. గల్ఫ్ మాట ఎత్తితే ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూసుకోండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ, అంతే.

మీవాడి చేతిలో ఉన్న విద్యను తక్కువగా చూడకండి. ఏడాది పని చేసిన చెయ్యి అది. ప్రెజర్ పనిని పద్ధతిగా నేర్చుకునే దారి కూడా ఇదే వృత్తిలో ఉంది. బాయిలర్ పనికి ఐబీఆర్ (భారత బాయిలర్ నిబంధనలు) పరీక్ష పాసైన వెల్డర్లే కావాలి. నెల్లూరు జిల్లాలోనే కృష్ణపట్నం దగ్గర నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లున్న థర్మల్ కేంద్రం ఉంది. అలాంటి చోట యూనిట్ ఆపి మరమ్మతులు చేసే ఓవర్‌హాల్ సమయంలో పైపు వెల్డు ఎక్స్‌రేలో పాసయ్యేలా వేసే చేతికి గిరాకీ ఉంటుంది. పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ వెల్డ్ చేసే 6జీ పొజిషన్ మీద వాడిని కష్టపడమనండి. ముందు అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి. రెండు మూడేళ్లు అలా పనిచేశాక ఎన్‌డీటీకి వెళితే ఆ సర్టిఫికెట్‌కు అప్పుడు విలువ ఉంటుంది.

పాలిటెక్నిక్ మీద వాడికే ఇష్టముంటే వెళ్లనివ్వండి, భయపడి మాత్రం పంపకండి.

ఓనరుతో ఈ వారంలోనే మాట్లాడండి, ఆ మాట వాడి మీద వేయకండి. గేట్లు, గ్రిల్స్, ట్రాలీలు, జేసీబీ బకెట్ పళ్లు ఏదైనా చేస్తాడు, గాలి ట్యాంకు, డీజిల్ డ్రమ్ము మాత్రం ముట్టుకోడని చెప్పండి. సరేనంటే అక్కడే ఉండనివ్వండి. కుదరదంటే, అప్రెంటిస్‌షిప్ దొరికేదాకా వాడు కొన్నాళ్లు ఇంట్లో ఉన్నా ఫరవాలేదు.