మావాడు కాలీ లైనక్స్ వేశాడు, పర్లేదా?

గాజువాక నుంచి ఒక తండ్రి అడిగారు: మావాడు బీటెక్ సెకండియర్, లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి కాలీ లైనక్స్ వేశాడు, అది ఊరికే మొరాయిస్తోంది. మా తమ్ముడి కొడుకు హైదరాబాద్‌లో సైబర్ సెక్యూరిటీలో ఉన్నాడు, వీడూ అదే అంటున్నాడు. ద్వారకానగర్లో ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకి లక్ష అడుగుతున్నారు. ఏ లైనక్స్ సేఫ్? ఏది నేర్చుకుంటే ఉద్యోగమొస్తుంది?

ఏటండీ ఇది, సొంతంగా ఓఎస్ మార్చుకోగలిగిన కుర్రాడి గురించి కంప్లైంట్ రాస్తారా! వాడు పాడైపోలేదు, కంగారు పడకండి. తమ్ముడి కొడుకుతో పోల్చడం మాత్రం ఈ రోజే ఆపండి, ఈ ప్రశ్న అడిగించింది సగం ఆ పోలికే.

లైనక్స్‌లో చాలా రకాలున్నాయి, కాలీ అనేది సెక్యూరిటీ టెస్టింగ్ చేసేవాళ్ళ కోసం, లైనక్స్‌కి కొత్తవాళ్ళకి వద్దని దాన్ని తయారుచేసినవాళ్ళే రాసుకున్నారు. పిల్లలేమో హ్యాకర్లు వాడేది కాబట్టి ఇదే గట్టిది అనుకుంటారు. ఎదుటివాళ్ళ తాళం పరీక్షించే పనిముట్లవి, మన తలుపుకి గడియ కాదు. పైగా అది డెబియన్ అనే ఇంకో లైనక్స్ తాలూకు టెస్టింగ్ వెర్షన్ మీద నడుస్తుంది, కొత్త ప్యాకేజీలు వచ్చి పడుతూనే ఉంటాయి, అప్‌డేట్ కొట్టాక ఏదో ఒకటి పనిచెయ్యకపోవడం మామూలే.

2024 మార్చిలో ఏమైందంటే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, పెట్టారు, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను లేటవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే బయటపడింది. అప్పటికే ఆ వెర్షన్ కాలీలోకీ, ఆర్చ్ అనే ఇంకో లైనక్స్‌లోకీ వెళ్ళిపోయింది. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్టుండే వెర్షన్), రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ అనే లైనక్స్‌లలోకి రాలేదు, ఎందుకంటే అవి కొత్తది రాగానే ఎక్కించుకోవు, పాత వెర్షన్‌కే సెక్యూరిటీ ప్యాచ్‌లు వేసుకుంటూ పోతాయి. ఉబుంటు ఎల్‌టీఎస్‌కి 5 ఏళ్ళు, రెడ్‌హ్యాట్‌కి 10 ఏళ్ళు సపోర్టు. ఫెడోరా అనే లైనక్స్ కూడా మంచిదే గానీ ఒక్కో వెర్షన్ 13 నెలల ముచ్చట.

సో, ఉబుంటు ఎల్‌టీఎస్ వేసుకుని కాలీని వర్చువల్ మెషీన్‌లో, అంటే లాప్‌టాప్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచేదాంట్లో, పెట్టుకోమనండి. రెడ్‌హ్యాట్ అలవాటు కావాలంటే ఆల్మా లైనక్స్ ఫ్రీ, దాదాపు అదే.

ఇక ఆ లక్ష. నాకు ఈ కోర్సుల మీద పెద్ద నమ్మకం లేదండీ, సర్టిఫికెట్ మీద హ్యాకర్ అని ఉంటుంది, ఇంటర్వ్యూలో ఈ సర్వర్‌లో ఏ పోర్టు తెరిచి ఉంది, లాగిన్ లాగ్ ఎక్కడ చూస్తావ్ అంటే నీళ్ళు నములుతారు. ఫ్రెషర్లకి చాలావరకు దొరికేది కూడా షిఫ్టుల్లో కూర్చుని అలర్ట్‌లు చూసే పని, సినిమాల్లో చూపించేది కాదు. ఈ సంగతి వాడికి ఎవరైనా చెప్పారా?

పక్కింటి వైఫై మీద మాత్రం ప్రయోగాలు చెయ్యొద్దనండి, ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు. ఫీజు ఇప్పుడే కట్టకండి. ముందు ఒక చిన్న వెబ్ సర్వర్ సొంతంగా పెట్టి, అక్కర్లేని కనెక్షన్లని ఆపే ఫైర్‌వాల్ వేసి, కొన్ని నెలలు నడిపించమనండి, అప్పటికీ ఇదే కావాలంటే మళ్ళీ రాయండి, ఈసారి వాడినే రాయమనండి.