లేబర్ డేకి టెక్సోమా వెళ్తున్న మా అబ్బాయికి

ఒరేయ్ నాన్నా,

నీ మెసేజ్ చూశాను. ఫ్రిస్కో నుంచి నలుగురం కలిసి లేక్ టెక్సోమా వెళ్తున్నాం బాబాయ్, స్ట్రైపర్ చేపకి ఏ గాలాలు కొనాలి అని అడిగావు. గాలాలదేముంది, షాపులో కుర్రాడు కూడా చెప్తాడు. ఈ ఎండల్లో ఆ చేప ఎక్కడుంటుంది, ఎందుకు అక్కడే ఉంటుంది, అది ముందు బుర్రకెక్కాలి. అది తెలీకపోతే నాలుగొందల డాలర్ల రాడ్ ఉన్నా బోట్ లో కూచుని సమోసాలు తిని వచ్చేస్తారు.

స్ట్రైపర్ అసలు చెరువు చేప కాదు. అట్లాంటిక్ సముద్రంలో బతుకుతూ గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కే చేప, మన గోదారి పులసది కూడా ఇదే అలవాటు (రుచి దగ్గర మాత్రం ఈ పోలిక తేకు, మీ పిన్ని ఊరుకోదు). 1940ల్లో సౌత్ కరోలినాలో శాంటీ కూపర్ డ్యాములు కట్టినప్పుడు కొన్ని లోపలే చిక్కుకుపోయి మంచినీళ్లలోనే పిల్లల్ని పెట్టాయి, అది చూశాక మిగతా రాష్ట్రాల వాళ్లు కూడా వాటిని తెచ్చి చెరువుల్లో వదలడం మొదలెట్టారు. రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ 1944లో పూర్తయింది, దాని వెనక ఏర్పడిందే ఈ టెక్సోమా, ఇందులో ఓక్లహోమా వాళ్లు ఈ పిల్లల్ని వదలడం 1960ల్లో మొదలైంది. చాలా చెరువుల్లో హేచరీ (చేపపిల్లల్ని పెంచే కేంద్రం) నుంచి తెచ్చి వదులుతూ ఉండాల్సిందే, ఎందుకంటే ఈ గుడ్లు పొదగడానికి రెండ్రోజులు పారే నీళ్లలో తేలుతూ పోవాలి, అడుగుకి దిగి బురదలో పడితే చచ్చిపోతాయి. టెక్సోమాకి పైనుంచి రెడ్ రివర్, వషీటా రెండూ చాలా దూరం పారుతూ వస్తాయి కాబట్టి ఇక్కడ వాటి సంతతి అవే పెంచుకుంటున్నాయి. అందుకే డాలస్ చుట్టుపక్కల ఇన్ని చెరువులున్నా స్ట్రైపర్ అంటే అందరూ హైవే 75 పట్టుకుని పైకి పోయేది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఆగస్టు ఆఖరుకి పైన నీళ్లు 85 ఫారెన్‌హీట్ పైనే ఉంటాయి, చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్లలా ఉంటాయి. పెద్ద స్ట్రైపర్ కి అంత వేడి పడదు, దానికి 75 లోపు ఉంటే సుఖం. మరి చల్లగా ఉంటుందని అడుక్కి పోవచ్చు కదా అంటావు, పోలేదు. ఎండాకాలమంతా వేడి నీళ్లు పైన, చల్లవి కింద విడివిడిగా ఉండిపోతాయి, రెండూ కలవవు, పైన గాలికి కలిసే ఆక్సిజన్ కిందకి దిగదు, అడుగున ఆకూ అలమూ కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తుంది. అంటే పైన వేడి, కింద ఊపిరాడదు, మధ్యలో ఒక సన్నటి పొర మాత్రమే దానికి మిగిలేది. సెప్టెంబర్ లో నీళ్లు చల్లబడే దాకా ఆ పొర పలచబడుతూనే ఉంటుంది, చేప అందులోనే ఇరుక్కుని ఉంటుంది. మనకి దొరకడానికి కారణం అదే, అది ఇబ్బందుల్లో ఉండడానికీ కారణం అదే.

ఇది ఫిష్ ఫైండర్ లో, అదే నీళ్ల కింద ఏముందో చూపించే బోట్ స్క్రీన్ లో, నీకు కనపడుతుంది కూడా. సెన్సిటివిటీ కాస్త పెంచితే నీళ్ల మధ్యలో మసక మసగ్గా ఒక అడ్డగీత వస్తుంది. చేపల గుర్తులన్నీ దాని మీదే ఉంటాయి, దాని కింద ఖాళీ. కాబట్టి అరవై అడుగుల లోతులో బోట్ ఆపి ఎరని అడుగుదాకా దించి కూచోవడం దండగ, అక్కడ ఊపిరి తీసుకునే ప్రాణే ఉండదు. గీత నలభై దగ్గరుంటే నీ ఎర ముప్పై నుంచి ముప్పై అయిదులో ఉండాలి, ఎందుకంటే స్ట్రైపర్ పైకి చూసి వేటాడుతుంది, దాని కిందకి దించిన ఎర దానికి కనపడదు. ఇంకోటి, నదులు కలిసే పైభాగాల వైపు టైమ్ వేస్ట్ చెయ్యకు, అక్కడ లోతు తక్కువ, నీళ్లు సలసల కాగుతుంటాయి. ఈ సీజన్ లో డ్యామ్ వైపు పెద్ద నీళ్లలోనే ఉండు. ఐలాండ్స్ నుంచి డ్యామ్ దాకా, పాత నది పారిన కాలవ అంచులు, నీళ్లలో మునిగిపోయిన దిబ్బలు, వాటి పక్కన లోతు ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో అక్కడ నెమ్మదిగా తిరుగుతూ చూడండి. స్క్రీన్ మీద ఏమీ లేనప్పుడు గాలం వెయ్యొద్దు. ఇది మీ కుర్రాళ్లకి చాలా కష్టం అని నాకు తెలుసు, వెళ్లగానే వేసెయ్యాలి అనిపిస్తుంది, కానీ గంటసేపు వెతికి పది నిమిషాలు పట్టడం ఈ చేపతో మామూలే.

పొద్దున్న మాత్రం లెక్క వేరు. తెల్లవారుతూ ఉండగా చిన్న సైజువి గుంపులు గుంపులుగా షాడ్ అనే చిన్న ఎర చేపల్ని తరుముకుంటూ పైకి వచ్చేస్తాయి, చిన్నవి వేడిని కాస్త తట్టుకుంటాయి కదా. నీళ్లు ఉడుకుతున్నట్టు తుళ్లుతుంటే దూరం నుంచే తెలిసిపోతుంది, కొంగలు ఒడ్డున వరసగా నిలబడ్డా ఒక కన్నేసి ఉంచు. అప్పుడు మీ ఫ్రెండ్ చేసే పని నేను ఇక్కడినుంచే చెప్పగలను, ఫుల్ స్పీడ్ లో గుంపు మధ్యకి తోలేస్తాడు. తోలాడా, అయిపోయింది, మొత్తం కిందకి దిగిపోతాయి, పక్క బోట్ వాళ్లు మిమ్మల్ని తిడతారు, తిట్టాలి కూడా. గాలి వచ్చే వైపు దూరంగా ఇంజన్ ఆపి, గాలికే కొట్టుకుంటూ వెళ్లి, గుంపు అంచుకి విసరాలి. పైన తేలే పాపర్ వేసి ఆడిస్తే దబ్బుమని కొడతాయి, మజా మొత్తం అక్కడే ఉంది. కాకపోతే పైన ఆడేవి చిన్నవి, వాటి కింద పెద్దవి సోమరిగా తిరుగుతూ దెబ్బ తిని కిందకి జారే షాడ్ ఏరుకుంటాయి, అందుకని ఒకడు పాపర్ వేస్తే ఇంకొకడు తెల్ల స్లాబ్ (బరువుగా మునిగే లోహపు ఎర), ఒకటిన్నర ఔన్సుది, గుంపులోంచి కిందకి జారనివ్వాలి. ఎండ ఎక్కితే ఇదంతా బంద్.

ఆ తర్వాత లైవ్ షాడ్. విసురు వల మన ఊళ్లో తాతయ్య విసరడం చూసినవాడివే కాబట్టి నేర్పక్కర్లేదు, కాకపోతే టెక్సస్ లో వల 14 అడుగుల వ్యాసం దాటకూడదు. చీకటితోనే మెరీనా లైట్ల దగ్గర, రేవుల్లో దొరుకుతాయి. పట్టడం కన్నా వాటిని బతికించడం పెద్ద పని. షాడ్ కి ట్యాంక్ గుండ్రంగా ఉండాలి, మూలలుంటే అక్కడికి పోయి గుమిగూడి చస్తాయి. నీళ్లలోకి గాలి కొట్టే ఎయిరేటర్ ఆపకూడదు, కాస్త అయోడిన్ లేని ఉప్పు, నీళ్లు మరీ వేడెక్కితే ఐస్ బాటిల్ ఒకటి అందులో పడెయ్యి, నీళ్లలో నురగ వస్తే మార్చు. ముక్కు ఎర్రబడిన షాడ్ ని గాలానికి పెట్టకు, దాని పని అయిపోయినట్టే, అది ఈదదు. ముక్కు రంధ్రాల్లోంచి గుచ్చితే ఎక్కువసేపు బతుకుతుంది. హుక్ మాత్రం మొన లోపలికి తిరిగి ఉండే సర్కిల్ హుక్కే వాడు. రాడ్ వంగగానే ఎగిరి లాగొద్దు, హోల్డర్ లోనే ఉండనీ, రీల్ తిప్పుతూ పో, దానంతటదే మూతి అంచున పడుతుంది. మన వాళ్లు ఎంత చెప్పినా గట్టిగా ఒక్క గుంజు గుంజుతారు, ఎర మూతిలోంచి వచ్చేస్తుంది, తర్వాత చేపలు లేవంటారు.

ఇప్పుడు చెప్పేది బాగా విను, ఇది చెప్పడానికే ఇంత పెద్ద లెటర్ రాస్తున్నా. ఎండాకాలంలో లోతులోంచి తీసిన స్ట్రైపర్ ని ఫోటో తీసుకుని వదిలెయ్యడం అనేది పెట్టుకోవద్దు. అది మంచి పని అని నీకు అనిపిస్తుంది, వీడియోల్లో కూడా అలాగే చూపిస్తారు, చలికాలంలో అయితే నేను కూడా వదిలెయ్యమంటాను. కానీ ఇప్పుడు అది చల్లటి పొరలోంచి ఒళ్లంతా అలిసిపోయేలా పోట్లాడుతూ వేడి నీళ్లలోకి వస్తుంది, అలిసిన ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, వేడి నీళ్లలో అదే తక్కువ, పైగా లోపల గాలి తిత్తి ఉబ్బిపోయి ఉంటుంది. తోక ఆడించుకుంటూ పోయింది కదా అని నువ్వు మురిసిపోతావు, కాసేపటికి రెండొందల గజాల అవతల తెల్లటి పొట్ట పైకి తేలుతుంది. పెద్ద చేప అయితే మరీ తట్టుకోదు. కాబట్టి ఆగస్టులో రూల్ ఏంటంటే, లీగల్ గా ఉంచుకోదగ్గవి వచ్చినవి వచ్చినట్టు ఐస్ లో వెయ్యడం, మీ ఇళ్లకి చాలినన్ని కాగానే గాలాలు లోపల పెట్టెయ్యడం. పెద్దది వస్తే మారుద్దాం అని చిన్నవాటిని లైవ్ వెల్ లో (బోట్ లో చేపల్ని బతికుంచే తొట్టి) తిప్పుతూ ఉంచడం అస్సలు వద్దు. టెక్సోమాలో చాలా ఏళ్లుగా మనిషికి రోజుకి పది అనే లెక్క నడుస్తోంది, పెద్ద సైజు వాటి మీద వేరే లిమిట్ ఉంటుంది, వెళ్లే ముందు రోజు రెండు రాష్ట్రాల రూల్స్ ఫోన్ లో చూసుకో. పది లీగల్ అంటే పది పట్టాలని కాదు. నలుగురికి నలభై చేపలు ఎవరు తింటారురా, ఫ్రీజర్ లో ఆర్నెల్లు ఉంచి ఉగాదికి చెత్తలో వెయ్యడానికా? ఒకవేళ రూల్ ప్రకారం వదలాల్సిందే వచ్చింది అనుకో, నీళ్లలోంచి పైకి ఎత్తకుండానే హుక్ తీసెయ్, ఫోటో గీటో వద్దు. అలాంటివి వరసగా రెండు మూడు వస్తే ఆ చోటు వదిలేసి వేరే చోటుకి పోండి.

లైసెన్స్ సంగతి. సరస్సు మధ్యలోంచే రాష్ట్రాల సరిహద్దు పోతుంది, మామూలు టెక్సస్ లైసెన్స్ తో ఓక్లహోమా వైపు పట్టకూడదు. లేక్ టెక్సోమా లైసెన్స్ అని ప్రత్యేకంగా ఉంది, దానితో రెండు వైపులా పట్టొచ్చు, నలుగురూ అదే తీసుకోండి. ఇండియా నుంచి వచ్చిన మీ మావగారు కూడా వస్తున్నారన్నావు, ఆయన ఊరికే చూస్తా అంటారు, మొదటి చేప పడగానే నాకోసారి ఇవ్వు అల్లుడూ అంటారు, గేమ్ వార్డెన్ సరిగ్గా అప్పుడే వస్తాడు. ఆయనకీ తీసుకో.

బోట్ మీ ఫ్రెండ్ కొత్తగా కొన్నాడు కాబట్టి రెండు ముక్కలు. 1993 సెప్టెంబర్ 1 ఆ తర్వాత పుట్టినవాడైతే టెక్సస్ లో ఆ సైజు ఇంజన్ నడపడానికి బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసుండాలి, అడుగు. నడిపేవాడు పడిపోతే ఇంజన్ ఆపేసే కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోవాలి. బాబుని తీసుకెళ్తే వాడి లైఫ్ జాకెట్ బోట్ కదులుతున్నంతసేపూ ఒంటి మీదే, 13 ఏళ్ల లోపు వాళ్లకి అది చట్టం. తిరిగొచ్చేటప్పుడు లైవ్ వెల్, బిల్జ్ (బోట్ అడుగు భాగం) అన్నిట్లో నీళ్లు ర్యాంప్ దగ్గరే వదిలెయ్యాలి, ప్లగ్ పీకెయ్యాలి, టెక్సస్ లో జీబ్రా మస్సెల్స్ (బయటినుంచి వచ్చి చెరువుల్ని పాడుచేసే చిన్న ఆల్చిప్పలు) మొదట దొరికింది 2009లో ఈ సరస్సులోనే, వాటిని ఇంకో చెరువుకి మొయ్యడం నేరం.

అసలు నన్నడిగితే మొదటిసారి గైడ్ ని పెట్టుకుని వెళ్లండి. డబ్బు దండగ అనుకోకు, నలుగురు పంచుకుంటే పెద్ద భారం కాదు, చేపలు పట్టడం కన్నా ఆయన స్క్రీన్ ఎలా చూస్తున్నాడో, బోట్ ఎక్కడ ఆపుతున్నాడో కళ్లు తెరుచుకుని చూడు, రెండోసారి మీకు మీరే వెళ్లొచ్చు.

ఇక తిండి. మీరు అనుకున్నదానికి రెండింతలు ఐస్ తీసుకెళ్లండి. చేప పడగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి ఐస్ లో పూడ్చెయ్యి, ఎండలో అరగంట ఉంచావా కండ మెత్తబడిపోతుంది. ఒడ్డుకి వచ్చేదాకా తలా తోకా తియ్యకూడదు, అది రూల్. మెరీనాలో కోసేవాళ్లు ఎలక్ట్రిక్ కత్తితో రెండు ఫిల్లెట్లు తీసి మిగతాది పడేస్తారు, ముందే చెప్పకపోతే తలలు పోతాయి, మీ పిన్నికి తలకాయలు కావాలి, మర్చిపోకు. ఫిల్లెట్ తీస్తే చర్మం వైపు పక్కన పొడుగ్గా ఎర్రటి కండ ఉంటుంది, అది గీకి పారెయ్, నీచు వాసనంతా దానిదే. వేపుడుకి ఫిల్లెట్ బాగుంటుంది. పులుసుకి మాత్రం పొలుసు తీసి ముల్లుతో సహా అడ్డంగా ముక్కలు కొట్టించు, లేకపోతే విడిపోయి గుజ్జయిపోతుంది, పులుసు తెర్లాక ముక్కలు వేసి, గరిట పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పమని కోడలికి చెప్పు.

శుక్రవారం రాత్రి గాలి ఎంతుందో చూసి నాకు ఫోన్ చెయ్యి. ఆ సరస్సు చాలా వెడల్పు, దక్షిణం గాలి 15 మైళ్లు దాటిందంటే మధ్యలో అలలు బోట్ లోకి వస్తాయి, అప్పుడు ఎవరెంత గొడవ చేసినా సరే, పోగ్రామ్ పై వారానికి మార్చెయ్యండి. సెప్టెంబర్ లో నీళ్లు ఇంకాస్త చల్లబడతాయి కాబట్టి పోయేదేం లేదు.

బాబాయ్