తలలు నూరొద్దు, మెదడే తియ్యి

చిరంజీవికి ఆశీస్సులు,

పండ్ల ఈగ డ్రోసోఫిలా మెదడులో, శరీరపు రోజువారీ గడియారంలో భాగమైన పీరియడ్ ప్రోటీన్ రోజులో ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో చూస్తానన్నావు. సంతోషం. కానీ ఈగల తలలు నూరి వెస్టర్న్ బ్లాట్ (నూరిన ముద్దలో ఒక ప్రోటీన్ మొత్తం ఎంతుందో కొలిచే పద్ధతి) చేస్తానన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. తలలోని పీరియడ్‌లో సింహభాగం కళ్లలోని కాంతిగ్రాహక కణాలది. మెదడులో దాదాపు 1,40,000 న్యూరాన్లుంటే గడియారం నడిపేవి సుమారు 240 మాత్రమే. ఆ బ్లాట్‌లో వాటి మాట వెతకడం సంతలో గుసగుస వినబోవడమే. మెదళ్లు విడిగా తీసి, యాంటీబాడీలతో (కోరిన ప్రోటీన్‌కే అంటుకునే అణువులు) రంగు వేసి, కణం కణం చూడు.

ఈగలను 25 డిగ్రీల వద్ద, 12 గంటల వెలుగు, 12 గంటల చీకటిలో కనీసం మూడు రోజులు అలవాటు చెయ్యి. దీపం వెలిగిన క్షణమే సున్నా గంట. రెండో గంట నుంచి మొదలుపెట్టి నాలుగేసి గంటలకు ఒక నమూనా. రాత్రి నమూనాలు ఎగ్గొడితే అసలు కథే పోతుంది: పీరియడ్ తయారీకి సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ రాత్రి మొదటి భాగంలో శిఖరానికి చేరితే, ప్రోటీన్ కొన్ని గంటలు వెనకబడి తెల్లవారుజామున చేరుతుంది. నిద్ర చెడగొట్టుకోవద్దు. రెండో ఇంక్యుబేటర్‌లో దీపాల వేళలు తలకిందులు చేస్తే వాటి రాత్రి నీ పగటిలోకి వస్తుంది.

చీకటి నమూనాలు ఎర్రదీపం కిందే తియ్యి. తెల్లని వెలుగు పడితే, వెలుగును పసిగట్టే క్రిప్టోక్రోమ్ ప్రోటీన్ మేలుకుని, పీరియడ్‌కు తోడుండే టైమ్‌లెస్ ప్రోటీన్‌ను కాసేపట్లోనే నాశనం చేయిస్తుంది.

గడియారం నడిపేవాటిలో చిన్న పార్శ్వ న్యూరాన్లతో మొదలుపెట్టు. వాటిలో ఉండే పీడీఎఫ్ అనే చిన్న ప్రోటీన్‌కు వేసిన రంగు, కేంద్రకం చుట్టూ ఉన్న కణద్రవ్యాన్ని ఉంగరంలా చూపిస్తుంది. 22వ గంటకు ఆ ఉంగరం మధ్య, కేంద్రకంలో, పీరియడ్ నిండుగా ఉంటుంది. 10వ గంటకు మధ్య ఖాళీ. 22వ గంటకు ముందు, రాత్రి తొలి భాగంలో, ప్రోటీన్ కేంద్రకం బయటే కనిపిస్తుంది. అందుకే ఎంత మెరిసిందన్నదే కాదు, ఎక్కడ మెరిసిందో కూడా రాసుకో.

శాస్త్రవేత్తలు కొనాప్కా, బెంజర్ 1971లో వెలికితీసిన, పీరియడ్ ప్రోటీన్ లేని ఉత్పరివర్తన ఈగలను ప్రతి విడతలోనూ పక్కన ఉంచు. వాటిలోనూ మెరుపు కనిపిస్తే తప్పు యాంటీబాడీదే. స్లైడ్ల మీద గంటలు రాయకుండా వేరొకరి చేత రహస్య సంఖ్యలు వేయించు, లెక్క పూర్తయ్యే దాకా ఏది ఏదో నీకు తెలియకూడదు. మనసు కోరుకున్న లయను కన్ను ఇట్టే కల్పిస్తుంది, ఈ విషయంలో నేనెవరినీ నమ్మను.

ఈ లయ దీపాల చలవ కాదని చూపాలంటే నిరంతర చీకటిలోనూ ఒక విడత తప్పదు. కళ్లలో లయ క్రమంగా నీరసించినా ఈ చిన్న న్యూరాన్లు కొనసాగిస్తాయి.

మైక్రోస్కోపు మాత్రం, బాగా మెరిసే 22వ గంట కోసం తీసిన అదనపు స్లైడుతోనే అమర్చుకో. కాంతి అక్కడ పరిమితి దాటకపోతే మిగతావన్నీ అదే అమరికలో తియ్యి, మధ్యలో మీటలు ముట్టుకోకు.